వీపు తిప్పినప్పుడు చెప్పే మాట

ఏలూరు,
9 జూన్ 2025.

అత్తకి,

ఈ ఉదయం మా వీధి కుళాయి దగ్గర ఒక ఆటో అతను ఆగాడు. చొక్కా తడవకుండా కాళ్ళు వెనక్కి పెట్టి, వంగి, దోసిలితో నీళ్ళు తాగాడు. చేతులకి మిగిలిన తడిని మొహానికి రాసుకుని వెళ్ళిపోయాడు. నేను కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తర్వాత కాగితం తీసుకున్నాను.

మీకు ఉత్తరం రాసి ఏళ్ళయింది. నాన్న పోయినప్పుడు మీరు తాడేపల్లిగూడెం వచ్చి, సమాధుల తోట గేటు బయటే నిలబడి వెళ్ళిపోయారని ప్రసన్న టీచరు చెప్పారు. ఆవిడ కైకలూరు వచ్చిపోతుంటారు కాబట్టి ఇది ఆవిడ చేతే పంపుతున్నాను. ఫోన్ చెయ్యను. మీ ఫోన్ మామయ్య జేబులో ఉంటుందని నాకు తెలుసు. అయినా ఫోన్లో నాకు మాటలు రావు. ఇప్పటికీ కాన్వెంట్‌లో సిస్టర్ ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

నేనిప్పుడు డబ్బింగ్‌కి మాటలు రాస్తున్నాను. హైదరాబాద్ స్టూడియో వాళ్ళు ఇంగ్లిష్ సీరియల్ పంపుతారు. నేను ఈ గదిలో కూర్చుని తెలుగు చేసి పంపుతాను. తెర మీద పెదాలు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు తెరిచిన చోట తెరిచే అక్షరమే పడాలి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని.

ఈసారి ఇచ్చింది కౌబాయ్ సీరియల్. తెలుగులో "ఎర్రమన్ను లోయ" అని పేరు పెట్టారు. వచ్చే నెల నుంచి ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో వస్తుంది. అందులో మెర్సర్ అని ఒక పెద్ద ఆసామి ఉన్నాడు. లోయలో నీళ్ళున్న చోటల్లా కంచె వేసుకుంటాడు. మొదటి సీన్ చూడగానే వాడు తెలుగులో ఎలా మాట్లాడాలో నాకు తెలిసిపోయింది.

అందుకని అడుగుతున్నాను. మామయ్య ఇప్పుడు ఎలా మాట్లాడుతున్నారు? చేపల ఫీడ్ షాపులో, చెరువు మీద పనివాళ్ళతో. నాకు గుర్తున్నవి "తప్పుగా అనుకోమాకండి" ఒకటి, "ఏం దొరా" ఒకటి. ఇంకేమైనా ఉంటే రాయండి.

డేరా హాలు సంగతులు కూడా రాయండి. నాన్న చెప్పినవి సగమే గుర్తున్నాయి.

మీ మేనకోడలు,
క్యాథరిన్.


కైకలూరు,
17 జూన్ 2025.

నా బంగారు తల్లి కేతీకి,

నీ చేతిరాత చూసి ముందు మీ నాన్న రాశాడనుకున్నాను. ‘క’కి వాడూ అలాగే తలకట్టు ఎగరేసేవాడు. దేవుడు నిన్ను చల్లగా చూస్తున్నాడు కదా, తింటున్నావు కదా. ఏలూరులో చేపలు కొనకు, ఐసులో ఎన్నాళ్ళవో తెలియదు. ప్రసన్నతో ఎండుచేపలు పంపుతున్నాను, కవరు విప్పగానే కిటికీ తెరువు.

డేరా హాలు మన చర్చి వెనక ఖాళీ జాగాలో ఉండేది. వానాకాలం తీసేసేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంగ్లిష్ సినిమా వేసేవారు, అన్నీ గుర్రాలే, తుపాకులే. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మిషన్ స్కూల్లో చదివాడు కదా అని మీ నాన్నని తెర పక్కన నిలబెట్టారు, చేతిలో ఒక రేకు గొట్టం పెట్టి. వాడికి పదహారో పదిహేడో. తెర మీద వాళ్ళు ఇంగ్లిష్‌లో ఏదో అంటారు, మనవాడు తెలుగులో చెబుతాడు. సగం వాడికీ అర్థం కాదు. అయినా ఆగేవాడు కాదు.

వాడి సరదా అంతా ఎక్కడో తెలుసా? తెర మీది మనిషి వీపు తిప్పినప్పుడు. నోరు కనపడదు కదా, ఏదైనా చెప్పొచ్చు. గుర్రం మీద ఒకడు కొండల్లోకి వెళ్ళిపోతుంటాడు. మీ నాన్న వెనక నుంచి "ప్రెసిడెంటుగారూ, బోరింగు పాడై ఏడాదయింది, తిరిగొచ్చేలోపు బాగుచేయించండీ" అనేవాడు. జనం చాపలు చరిచి నవ్వేవారు. పాస్టరుగారు కూడా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు ఒకసారి.

మర్నాడు మేమంతా గట్టు మీద గేదెలెక్కి కౌబాయ్‌లం. తాటాకు టోపీలు. మీ మామయ్యకి ఒక్కడికే నిజం టోపీ, వాళ్ళ నాన్న బెజవాడ నుంచి తెచ్చాడు. ఆయన గేదె మాత్రం ప్రతిసారీ నీళ్ళలోకే దిగేది.

నీ సంగతి భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను. "మన కేతీ టీవీకి రాస్తోందిట, అందులో ఒక పెద్ద ఆసామికి మీ మాటలు పెడుతుందిట" అంటే, కూర కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నా మాటలా? పేరు వేస్తారా?" అన్నారు. ఎంత సంతోషమో! ఇన్నేళ్ళకి నీకు మా మీద కోపం తగ్గిందని నాకూ కడుపు నిండింది. ఫీడ్ షాపు హాల్లో పెద్ద టీవీ పెట్టిస్తారట, అందరినీ పిలుస్తారట.

కొత్త మాటలు అడిగావు. "నాకు తెలీక అడుగుతాను" అంటారు, తెలిసిన సంగతే అడుగుతారు. ఎవరినైనా పనిలోంచి తీసేయాలంటే గట్టిగా అనరు. "ఇక మీరు రెస్టు తీసుకోండి" అంటారు. నన్ను ‘నువ్వు’ అంటారు, ఐసు బండివాడిని ‘ఒరే’ అంటారు. ఎవరినైనా ‘మీరు’ అన్నారంటే వాడి పని అయిపోయినట్టే. అప్పటికి నవ్వొస్తుంది గానీ, తర్వాత జాలేస్తుంది.

ప్రేమతో,
మీ అత్త విజయకుమారి.


ఏలూరు,
25 జూన్ 2025.

అత్తకి,

ఎండుచేపలు అందాయి. కిటికీ తెరిచాను. పక్కింటివాళ్ళు మూసుకున్నారు.

మామయ్యకి చెప్పమని నేను అనలేదు. చదవగానే కాగితం మడిచి పెట్టేశాను. మర్నాడు మళ్ళీ తీసి చదివితే, చెప్పడమే మంచిదయిందనిపించింది. చూడనివ్వండి. అందరినీ పిలవనివ్వండి. లోపలి చెరువు మీద పనిచేసిన పాతవాళ్ళని కూడా పిలవమనండి. అహరోనుని తప్పకుండా. వాళ్ళందరికీ టీ ఇవ్వండి.

మెర్సర్ మంచివాడు కాదు. ఈ ఒక్క మాట మామయ్యకి చెప్పకండి.

"ఇక మీరు రెస్టు తీసుకోండి" నాకు కొత్త కాదు. మరిచిపోయాననుకున్నాను. మీ అక్షరాల్లో చూడగానే ఆ గొంతు వినపడింది.

గూడెంలో నాన్నకి రైస్ మిల్లు గేటు దగ్గర గది ఇచ్చారు కదా, అక్కడ ఒక చిన్న టీవీ ఉండేది. సెలవుల్లో హాస్టల్ నుంచి వస్తే మధ్యాహ్నాలు కౌబాయ్ సినిమాలు చూసేవాళ్ళం. నాన్న సౌండ్ తీసేసి తనే చెప్పేవారు. మిల్లు మోత వల్ల గట్టిగా చెప్పాల్సి వచ్చేది. ఊక లారీల డ్రైవర్లు తలుపు దగ్గర నిలబడి వినేవాళ్ళు. అన్ని సినిమాల్లోనూ చివర ఒకడు వీధి ఆ కొస నుంచి నడిచి వచ్చేవాడు, ఇంకొకడు ఈ కొస నుంచి. వాళ్ళు ఎదురెదురుగా వచ్చేసరికి నాన్న చెప్పడం ఆపేసేవారు. "ఇక్కడ మాటలుండవమ్మా" అనేవారు.

నాకు తుపాకీ లేదు. మాటలే ఉన్నాయి.

క్యాథరిన్.


కైకలూరు,
15 జూలై 2025.

కేతీ తల్లీ,

రెండు ఆదివారాలు చూశాం! ముందు వాన సంగతి: ఇక్కడ ముసురు పట్టింది, చెరువుల వాళ్ళెవరికీ నిద్ర లేదు. కొల్లేటి కొంగలన్నీ ఊళ్ళోకొచ్చి కూర్చున్నాయి.

టీవీ దగ్గర ఎంత జనమో. కుర్చీలు చాలక ఫీడ్ బస్తాల మీద కూర్చున్నారు. ఆ మెర్సర్ గుర్రం దిగి, చేతితొడుగులు తీసి, ఎదురుగా ఉన్న ముసలాయనతో "తప్పుగా అనుకోమాకండి, ఈ వాగు మాదండీ" అనగానే హాలంతా గొల్లుమంది. అహరోను లేచి నిలబడి "మధుబాబుగారండోయ్!" అని కేకేశాడు. మీ మామయ్య మొహం చూడాలి నువ్వు. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

మెర్సర్ మంచివాడు కాదన్నావు. ఆయనకి అలా తోచలేదమ్మా. "హీరో వాడే. ఆ ఇల్లు చూడు, ఆ గుర్రం చూడు. వాడికి ఎదురుతిరిగే ఆ ఏలీ అనేవాడికి మార్చుకోడానికి రెండో చొక్కా లేదు, వాడు హీరో ఏంటి?" అంటున్నారు. నాకు మాత్రం ఏలీ అనగానే బైబిల్లో కుర్చీ మీంచి పడిపోయే ముసలి యాజకుడు గుర్తొచ్చి ఒకటే నవ్వు.

ఇప్పుడు ఊళ్ళో ఆయన్ని అందరూ మెర్సర్‌గారంటున్నారు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు "మెర్సర్‌గారి లోడు" అని కేకలేస్తున్నారు. భీమవరం నుంచి టోపీ తెప్పించుకున్నారు, గోధుమ రంగుది, చుట్టూ తోలు తాడు. చర్చికి కూడా పెట్టుకొస్తుంటే నేనే గుమ్మం దగ్గర లాక్కున్నాను. "పిల్ల నన్ను మర్చిపోలేదే, క్రిస్మస్‌కి పిలువు" అన్నారు నిన్న.

మీ ఇద్దరి మధ్య దేవుడు దారి వేస్తున్నాడు. వస్తావు కదూ? నీకు రెండు జడలు వేసిన రోజుల్లా నూనె రాసి తల దువ్వుతాను.

మీ అత్త.


ఏలూరు,
21 జూలై 2025.

అత్తకి,

క్రిస్మస్‌కి రాను.

మామయ్య టోపీ కొనుక్కోవడానికి నేను రాత్రింబవళ్ళు ఆ మాటలు రాయలేదు. ఆయన సిగ్గుపడాలని రాశాను. మెర్సర్ నోరు తెరిచినప్పుడల్లా ఆయన తల దించుకోవాలనుకున్నాను. మీ ఉత్తరం చదివి, రాసినదంతా చింపేయాలనిపించింది. నేను ఆయనకి బిరుదు ఇచ్చాను.

సరే. ఇంతవరకూ ఆయన మాటలే పెట్టాను. ఇప్పుడు ఆయన చేసిన పని పెడతాను.

ఆఖరి ఎపిసోడ్‌లో ఒక సీన్ ఉంది. ఏలీ మెర్సర్ కంచె దాటి వచ్చి గుర్రానికి నీళ్ళ తొట్టి చూపిస్తాడు. మెర్సర్ వస్తాడు. కెమెరా మెర్సర్ వెనక ఉంటుంది. మోకాళ్ళ మీద వంగి తొట్టిలో నీళ్ళు తాగే ఏలీ మొహం మాత్రమే మనకి కనపడుతుంది. ఇంగ్లిష్‌లో మెర్సర్ అనేది ‘నా నేల మీంచి పో’ అని అంతే. కానీ షాట్ చాలాసేపు నడుస్తుంది. వీపు. నాన్నకి చాలా ఇష్టమైన షాట్. అక్కడ పట్టేంత మాట నా దగ్గర ఉంది.

మీకు తెలిసిందే అయినా రాస్తాను. నాకు పదకొండేళ్ళు. వేసవి సెలవులయిపోతున్నాయి, లోపలి చెరువు మీద నాన్న కాపలా పాకలో ఉన్నాను. తెల్లారేసరికి చెరువంతా చేప తేలింది. తెల్లటి పొట్టలు, అవతలి గట్టు దాకా. మామయ్య జీపులో వచ్చారు. వాటాదార్లు వచ్చారు. వాళ్ళ ముందు మామయ్య నాన్నతో, "ఏం దొరా, చెరువులో మందు ఎవరు కలిపారు?" అన్నారు. నాన్న "నేను కలపలేదు బావా, ఎవరూ కలపలేదు, చేపకి గాలందలేదు" అన్నారు. అప్పుడు మామయ్య ‘మీరు’లోకి మారారు. "తప్పుగా అనుకోమాకండి విశ్వాసంగారూ. మందు లేదన్నారుగా. తాగండి."

పాకలోంచి గ్లాసు తెప్పించారు. చచ్చిన చేపల మధ్య ముంచి ఇచ్చారు. అందరూ చూస్తున్నారు. నాన్న నన్ను చూసి, తాగేశారు. మామయ్య మళ్ళీ ముంచారు. నాన్న మళ్ళీ తాగారు. ఏమీ కాలేదు. మందు లేదని అందరికీ తెలిసింది. అప్పుడు కూడా మామయ్య నవ్వి, "అలవాటైన కడుపు. ఇక మీరు రెస్టు తీసుకోండి" అన్నారు. చెరువుకి మందు పెట్టినవాడని ఆ పేరు గూడెం దాకా వచ్చింది. నాన్న పోయేవరకూ పోలేదు.

మీరు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఆయనకి అన్నం పెడుతున్నారు. ఆయన మీ తమ్ముడి చేత ఏం తాగించారో తెలిసి, టోపీ బాగుందని నాకు రాశారు.

క్యాథరిన్.


ఏలూరు,
20 ఆగస్టు 2025.

అత్తకి,

మీ నుంచి జవాబు లేదు. ఉత్తరం మీ చేతికే ఇచ్చానని ప్రసన్న టీచరు అంటున్నారు. మీరు గుమ్మంలోనే చదివి లోపలికి వెళ్ళిపోయారట, కాఫీ కూడా ఇవ్వలేదట.

మీరు మామయ్య వైపే ఉంటారని నాకు ముందే తెలియాల్సింది. గూడెం గేటు దగ్గర కూడా మీరు లోపలికి రాలేదు.

మాటలు స్టూడియోకి పంపేశాను. అక్కడ రాజ్ కుమార్‌గారని ఒకాయన చూస్తారు. ఫోన్ చేసి, "ఏవమ్మా, ఒరిజినల్లో నాలుగు మాటలే ఉంటే మీరు ఇంత రాశారేంటండీ?" అన్నారు. కాగితం మీద రాసుకుని, అది చూసి "వీపు షాట్ సార్, ఖాళీగా ఉంది" అన్నాను. ఆయన ఒకసారి వేసుకుని చూశారు. "బావుందమ్మా, వాడు ఇలాంటివాడేనని ఇప్పుడే తెలిసింది నాకు" అన్నారు. రికార్డింగ్ అయిపోయింది.

సెప్టెంబరు 21, ఆదివారం. మీరు మామయ్యకి ముందే చెబితే చెప్పండి. టీవీ ఆపేస్తే ఆపేయనివ్వండి. ఊళ్ళో ఇంకా టీవీలున్నాయి.

క్యాథరిన్.


కైకలూరు,
3 సెప్టెంబరు 2025.

కేతీ,

నాకు తెలియదు.

ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. ఆ వేసవిలో నేను కైకలూరు ఇంట్లో ఉన్నాను, ఆ చెరువు ఎక్కడో కొల్లేటి లోపల. సాయంత్రం ఆయనొచ్చి "మీ తమ్ముడు నిద్రపోయి చెరువు పాడుచేశాడు. సిగ్గుపడి పిల్లని తీసుకుని పోయాడు. ఆపాను, ఆగలేదు" అన్నారు. నేను నమ్మాను. నాకొక మాట చెప్పకుండా వెళ్ళాడని మీ నాన్న మీద అలిగాను. వాడొచ్చి పలకరించే దాకా నేను పలకరించకూడదనుకున్నాను. గూడెం గేటు దగ్గర ఆగింది కూడా ఆ అలకతోనే. లోపలికి వస్తే ఏడుస్తానని.

ఊరందరికీ తెలుసు. నాకు ఎవరు చెబుతారు? ఆయన భార్యని.

నీ ఉత్తరం బియ్యం డబ్బాలో పెట్టి, మర్నాడు అహరోనుని పిలిచాను. వంటింటి గుమ్మంలో నిలబెట్టి, "నా తమ్ముడు ఆ నీళ్ళు తాగాడా?" అన్నాను. వాడు తల గోక్కున్నాడు. "ఇప్పుడెందుకండీ అక్కగారూ అవన్నీ" అన్నాడు. "తాగాడా?" అన్నాను. "తాగాడండి. రెండు గ్లాసులండి." తర్వాత వాడే చెప్పాడు. ముసురు పట్టినప్పుడు ఇంజిన్ వేసి నీళ్ళు తిప్పాలట, లేకపోతే చేప పైకొచ్చి నోరు తెరుస్తుందట. ఆ ముందురోజు ఇంజిన్ విప్పి ఇంకో చెరువుకి పట్టుకెళ్ళమన్నది ఈయనేనట. మీ నాన్న వద్దని బతిమాలాడట. వాటాదార్లకి ఆ సంగతి తెలియకూడదని ఇదంతా.

మరి నీళ్ళు తాగించడం ఎందుకు? చెడ్డపేరు పెట్టి పంపేస్తే సరిపోయేది కదా అని ఆలోచించాను. ఎందుకో నాకు తెలుసు.

మా పెళ్ళి ఖాయమయ్యాక ఒక ఆదివారం డేరాలో సినిమా. అందులో ఒక పిరికి షెరీఫు, దొంగలొచ్చారనగానే వీపు తిప్పి పరిగెడతాడు. మీ నాన్న గొట్టంలో "తప్పుగా అనుకోమాకండి, మా గేదె నీళ్ళలోకి దిగిందండీ" అన్నాడు. అచ్చం ఈయన గొంతు. డేరా డేరా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ముందు వరసలో ఈయన వెనక్కి తిరిగి, జనంలో నా మొహం వెతికి పట్టుకుని చూశారు. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేను మర్చిపోయారనుకున్నాను. దాచుకున్నారు.

ఇది ఆయన మీద జాలిపడమని రాయలేదు. సరదాకి అన్న మాటకి నా తమ్ముడి చేత చెరువు తాగించాడు.

ఇప్పుడు విను. ఆ మాటల్లో ఒక్కటి కూడా మార్చనివ్వకు. ఆయనకి నేనేమీ చెప్పలేదు, చెప్పను. ఆ ఆదివారం పెద్ద భోజనం పెట్టమన్నాను. "ఆఖరి ఎపిసోడ్ కదండీ, పాత వాటాదార్లని కూడా పిలవండి" అన్నాను. పొంగిపోయి అందరికీ ఫోన్లు చేశారు. ఆ షాట్ ఎప్పుడొస్తుందో, ముందు ఏముంటుందో నాకు రాయి. నేను లేచి వెళ్ళి రావడానికి కొంచెం వ్యవధి కావాలి.

విజయకుమారి.


ఏలూరు,
9 సెప్టెంబరు 2025.

అత్తకి,

మీకు తెలుసనే అనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకున్నారు. అక్క తెలిసి కూడా రాలేదని నాతో ఒకసారి అన్నారు. అది తలుచుకుంటే మామయ్య మీద కోపం ఇంకా పెరుగుతోంది. తాగించింది ఒక రోజు. మీ ఇద్దరినీ విడదీసింది నాన్న పోయేదాకా.

గేదె సంగతి నాన్న నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ చెరువు గట్టు మీద నిలబడి ఆయనకి అది గుర్తొచ్చిందో లేదో.

రెండో యాడ్స్ అయ్యాక గాలిమర తిరుగుతూ కనపడుతుంది. తర్వాత ఏలీ గుర్రం నడిపించుకుంటూ కంచె దాటతాడు. అప్పుడు లేవండి. గుర్రం తొట్టిలో మూతి పెట్టేసరికి మీరు తిరిగి రావచ్చు. తర్వాత మెర్సర్ బూట్లు. తర్వాత వీపు.

మీరేం చేస్తారో అడగను. ఆ తర్వాత ఉండలేకపోతే నా గదిలో ఇంకో మంచం పడుతుంది.

మీ కేతీ.


కైకలూరు,
23 సెప్టెంబరు 2025.

తల్లీ,

పొద్దున్నే అహరోనుని లోపలి చెరువుకి పంపాను. చేపల పులుసుకి నలభై మంది తినే డేగిసా పొయ్యి మీద పెట్టాను. మసాలా నేనే నూరాను, మిక్సీ వెయ్యలేదు.

భోజనాలని ఈసారి టీవీ మా ఇంటి హాల్లోనే పెట్టించాను, అందరూ వచ్చారు. ఆ రోజు గట్టు మీదున్న వాటాదార్లలో బతికున్నవాళ్ళంతా వచ్చారు. ఆయన టోపీ పెట్టుకుని మధ్యలో కూర్చున్నారు. "ఇవాళ ఆ ఏలీగాడి పని అవుట్" అని పందాలు కడుతున్నారు. గాలిమర వచ్చింది. గుర్రం కంచె దాటింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. అహరోను సీసాలో తెచ్చిన నీళ్ళు గాజు గ్లాసులో పోశాను. పచ్చగా ఉన్నాయి, అడుగున నాచు తిరుగుతోంది. దాని మీద కొంగు కప్పి తెచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను.

వీపు వచ్చింది. నువ్వు రాసిన మాట వచ్చింది. "తప్పుగా అనుకోమాకండి. మందు లేదన్నారుగా. తాగండి."

అప్పటిదాకా ఆయన ప్రతి మాటకీ తొడ చరుస్తున్నారు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెర మీద ఆ ఏలీ వంగి తొట్టిలో నీళ్ళు తాగుతున్నాడు. వీపు ఇంకా అలాగే ఉంది. "అలవాటైన కడుపు. ఇక మీరు రెస్టు తీసుకోండి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. వాటాదార్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

నేను ముందుకి వచ్చి గ్లాసు ఆయన ముందు బల్ల మీద పెట్టాను. "తప్పుగా అనుకోమాకండి," అన్నాను. "తాగండి."

"ఏంటే ఇది?" అన్నారు.

"లోపలి చెరువు నీళ్ళు. ఇవాళ చేప కూడా చావలేదు, మంచివే. నా తమ్ముడు చచ్చిన చేపల మధ్యవి తాగాడు."

"జోకులా అందరి ముందూ? తీసెయ్."

"నాకు తెలీక అడుగుతాను, మీకు దాహం లేదా?"

ఆయన అహరోను వైపు చూశారు, వాడు నవ్వుతాడని. వాడు గోడకి ఆనుకుని, "మా విశ్వాసం రెండు గ్లాసులు తాగాడండి," అన్నాడు. తర్వాత, "ఇంజిన్ నేనే విప్పానండి, మీరు విప్పమంటేనే," అన్నాడు. ఆ రెండో మాట వాటాదార్ల వైపు తిరిగి అన్నాడు.

పెద్దాయన ఒకాయన లేచి, ప్లేట్లో పులుసు అలాగే వదిలి, చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయారు. ఆయన వెనక ఇంకొకరు. మీ మామయ్య గ్లాసు పట్టుకున్నారు. పెదాల దాకా తీసుకెళ్ళారు. వాసన తగిలింది కాబోలు, దింపేశారు. తాగలేకపోయారు తల్లీ. రెండు చేతులతో బల్ల పట్టుకుని లేచి, వీధిలోకి వెళ్ళిపోయారు. టోపీ కుర్చీలోనే ఉంది. వెళుతుంటే ఆ వీపు చూశాను. నాకు ఏ మాటా తోచలేదు. అక్కడ మీ నాన్న ఉండాలి.

ఊళ్ళో ఇప్పుడెవరూ మెర్సర్‌గారనడం లేదు. ఎదురైతే పక్కకి చూస్తున్నారు. నిన్న ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు లోడు వెనక్కి పంపారు. ఆయన నాతో మాట్లాడటం లేదు. నేను వండుతున్నాను, ఆయన తింటున్నారు. గ్లాసు మాత్రం ఆ బల్ల మీదే ఉంది. ఆయన తీయరు, నేను తీయను. పనిమనిషి తీయబోతే చెయ్యి పట్టుకున్నాను.

నీ గదికి వస్తాను. ఇప్పుడు కాదు. ముందు గూడెం వెళ్ళాలి, సమాధుల తోట లోపలికి. నువ్వూ రా.

మీ అత్త.


ఏలూరు,
29 సెప్టెంబరు 2025.

అత్తా,

మీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. "తాగలేకపోయారు" అన్న చోట ప్రతిసారీ ఆగుతున్నాను. ఇంకా కొన్నాళ్ళు ఆగుతాను.

జాలి వస్తుందేమోనని చూశాను. రాలేదు. గ్లాసు తీయకండి. ఎండిపోతే మళ్ళీ తెప్పించండి.

శనివారం ఉదయం పాసింజర్‌కి గూడెం వస్తాను. మీరు స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఉండండి. తోటలో కుళాయి ఉంది, నీళ్ళు తెచ్చుకోనక్కర్లేదు. పువ్వులు వద్దు, నాన్నకి తుమ్ములొచ్చేవి.

మీ కేతీ.

తా.క. మొదటి ఉత్తరంలో కుళాయి దగ్గర ఆటో అతని గురించి రాశాను. గట్టు మీద ఆ రోజు తర్వాత నాన్న ఎప్పుడూ గ్లాసుతో నీళ్ళు తాగలేదు. దోసిలి పట్టేవారు, నేను పోసేదాన్ని. కౌబాయ్‌లు వాగు దగ్గర ఇలాగే తాగుతారమ్మా అనేవారు. నేనూ దోసిలితోనే తాగుతాను.